నాన్న వీపు మీద పట్టీలు

మా నాన్న వీపు మీద ఆ పట్టీలు అంటించింది నేనే. ఒంటి రంగువి, అరచేయంత ఉంటాయి. వెనక కాగితం ఊడదీసి అంటిస్తే చర్మంలో కలిసిపోతాయని పొట్లం మీద రాసి ఉంది. శుద్ధ అబద్ధం. ఎనభై దాటిన మనిషి ఒంటిలో ఏ రంగూ కలవదు. ఆ జిగురు వాసన ఇప్పటికీ నా వేళ్ళకి ఉన్నట్టే ఉంటుంది.

మాది నగానో కొండల్లో తోచినోయు అనే చిన్న ఊరు. మా ఇళ్ళల్లో స్నానాల గదులు ఉండవు. వాటి అవసరం ఎవరికీ రాలేదు. వీధికొక స్నానాల ఇల్లు ఉంది, కొండలోంచి వేణ్ణీళ్ళు రాత్రీ పగలూ దిగుతూనే ఉంటాయి. మా కిందివీధి స్నానాల ఇంటిని ఓ పాతిక కుటుంబాల వాళ్ళం కలిసి నడుపుకుంటాం. వంతు చెక్క ఎవరి గుమ్మానికి వేలాడితే ఆ రోజు వాళ్ళు తొట్టి ఖాళీ చేసి, నాచు గీకి, మళ్ళీ నీళ్ళు వదలాలి. పెళ్ళి మాటలు, ఆస్తి తగువులు, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదన్న కబుర్లు, అన్నీ ఆ నీళ్ళలో కూర్చునే నడుస్తాయి. మగవాళ్ళ వైపుకీ ఆడవాళ్ళ వైపుకీ మధ్య చెక్క గోడ ఒకటి ఉంది కానీ అది పైకప్పు దాకా పోదు. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. ఆ ఇంట్లోకి రావద్దు అంటే, ఊళ్ళో నీకు చోటు లేదు అన్నట్టే.

నాన్న పేరు తొకుజి. కుర్రతనంలో టోక్యోలో ఎత్తయిన భవనాలకి ఇనప దూలాలు బిగించే పని చేశాడు. ఆ పనివాళ్ళు ఒకరిని చూసి ఒకరు పచ్చబొట్లు పొడిపించుకునేవారట. నాన్న వీపు నిండా జలపాతానికి ఎదురెక్కుతున్న చేప ఉంది. చేపకి రంగులు పడ్డాయి. నీళ్ళకి పడేలోగా మా తాతకి జబ్బు చేసి, నాన్న ఊరికి తిరిగి రావాల్సి వచ్చింది. అందుకని నీళ్ళు ఉత్త గీతలుగానే ఉండిపోయాయి.

"అన్నా, సూదికి దడిసి పారిపోయొచ్చి ఆ నెపం మీ ముసలాయన మీద పెట్టావు," అని కమిజో బాబాయ్ తొట్టిలో కూర్చుని ఏడిపించేవాడు. ఆయన పేరు యసువో కమిజో, నాన్న కన్నా నాలుగైదేళ్ళు చిన్న, మా స్నానాల ఇంటికి పెద్ద. వాళ్ళిద్దరూ ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉంది.

పచ్చబొట్టు కనబడితే ముఠా రౌడీ అనుకుని పక్కకి జరిగే దేశం మాది. ఊరు దాటితే నాన్న నడి వేసవిలోనూ ఒంటి మీది చొక్కా విప్పేవాడు కాదు. నా బడి ఈత పోటీలకి ఒక్కసారీ రాలేదు. కానీ కిందివీధిలో ఆయన వీపు మా వీధి గోడల్లాంటిదే, ఎవరూ చూసేవాళ్ళు కారు. "పచ్చబొట్లు ఉన్నవారికి ప్రవేశం లేదు" అని స్నానాల ఇంటి గుమ్మం మీద ఓ పలక ఉండేది. దాన్ని మేకులు కొట్టి బిగించింది కూడా నాన్నే. ఇందులో నవ్వొచ్చే సంగతి ఉందని మాలో ఏ ఒక్కరికీ తోచలేదు. పలక బయటివాళ్ళ కోసం, నాన్న లోపలివాడు, అంతే.

ఆ ఏడు మంచు తొందరగా పడింది. మా ఇంట్లో నాలుగు గదులు స్కీయింగుకి వచ్చేవాళ్ళకి ఇస్తాను. డిసెంబరు చివర్లో హాలండ్ నుంచి యోస్ట్ అని ఒకతను, భార్యతో వచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పే పాఠమే అతనికీ చెప్పాను. ముందు ఒళ్ళు కడుక్కుని తరవాత దిగండి, తువ్వాలు నీళ్ళలో ముంచకండి, పచ్చబొట్టు ఉంటే దిగేముందు అక్కడి పెద్దవాళ్ళని అడగండి, వద్దంటే వాదించకుండా వచ్చెయ్యండి, పై వీధి సత్రంలో గంట లెక్కన విడి స్నానాల గది ఇస్తారు.

యోస్ట్ భోజనాల బల్ల దగ్గరే చొక్కా ఎత్తాడు. గుండె మీద చిట్టి పాదాలు రెండు, వాళ్ళ పాప పుట్టిన రోజు తీసిన అచ్చులట. భార్య అతని చేతి మీద ఒకటి వేసింది. అతను ఫోన్‌లో ఏదో మాట్లాడితే ఫోన్ మా భాషలో అడిగింది. "పసిపాప పాదాలకి కూడా భయపడతారా?"

"భయం కాదు బాబూ, అలవాటు," అన్నాను. మా దగ్గర అంతకన్నా గొప్ప జవాబు లేదు.

ఆ సాయంత్రం నేను ఆడవాళ్ళ వైపు తొట్టిలో ఉన్నాను. పక్కన ఫుసే పిన్ని, ఎప్పటిలాగే తలమీద తువ్వాలు మడిచి పెట్టుకుని కూర్చుంది. గోడ అవతల తలుపు తెరుచుకుంది. బట్టల గదిలోంచి ఎవరో లోపలికి వచ్చిన చప్పుడయింది. వెంటనే కమిజో బాబాయ్ గొంతు లేచింది.

"నో. నో టాటూ. బోర్డు చూడలేదా, బోర్డు."

యోస్ట్ తన భాషలో ఫోన్‌తో ఏదో అన్నాడు. తరవాత ఫోన్‌లోని అమ్మాయి గొంతు, ఏ భావమూ లేకుండా, ఆ రాతి గోడల మధ్య గట్టిగా మోగింది. "క్షమించండి. ఆ తాతగారికి కూడా ఉంది కదా. ఆయన అనుమతి ఎక్కడ తీసుకున్నారో చెబితే నేనూ తీసుకుంటాను."

అతను వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. అటువైపు ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నా పక్కన ఫుసే పిన్ని ముక్కు దాకా నీళ్ళలోకి జారింది.

"రానివ్వండర్రా. పసిపిల్ల పాదాలేగా," అన్నాడు నాన్న.

"నువ్వూరుకో అన్నా," అన్నాడు కమిజో బాబాయ్. నాన్నతో ఆయన ఆ గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

యోస్ట్ ఇంటికొచ్చి నాకు మూడుసార్లు తలవంచి క్షమాపణ చెప్పుకున్నాడు. నీ తప్పేం లేదు, అన్నం తిను, అన్నాను. మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు. అతనివల్ల ఇంకేదో జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. అతను చేసింది ఒక్క ప్రశ్న అడగడం. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక మావాళ్ళు చేసింది మిగతాదంతా.

కొత్త సంవత్సరం పండగ అయిన వారానికి స్నానాల ఇంటి మేడ మీద సమావేశం పెట్టారు. టీ పోశారు, ఆకుకూర ఊరగాయ గిన్నెలు తిప్పారు. కమిజో బాబాయ్ నాన్న వంక చూడకుండా, టీ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నియమం అన్నాక అందరికీ ఒకటే ఉండాలి. బయటివాణ్ణి గుమ్మంలో ఆపి, మనవాణ్ణి లోపల కూర్చోబెడితే రేపు పదిమందిలో మన మొహం ఏం కావాలి?"

"అయితే పలక పీకెయ్యండి," అన్నాను.

"పీకేస్తే ప్రతివాడూ వస్తాడు మిసావో. నీకు తెలీదు."

"వచ్చేవాళ్ళకి నేనే అన్నం పెడుతున్నా బాబాయ్. మీకన్నా నాకే బాగా తెలుసు. వచ్చినవాడు మర్యాదగా అడిగాడు."

"అడిగినవాడు మీ ఇంటి నుంచేగా వచ్చింది," అన్నాడు మూలనుంచి ఒకాయన, ఊరగాయ నములుతూ.

నేను లేవబోయాను. ఫుసే పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసింది. "తొకుజి గారు పెద్దమనిషి. ఆయన అర్థం చేసుకుంటారు," అంది మెత్తగా. ఆ మాట చుట్టూ తిరిగింది. ఆయన అర్థం చేసుకుంటారు, ఆయనకి చెప్పాలా, ఆయన లాంటి మనిషి ఇంకొకరు లేరు. ఒకరి తరవాత ఒకరు, తేనె పూసినట్టు. ఎవరి నోటా వద్దు అన్న మాట రాలేదు. అర్థం చేసుకునేవాడు దొరికాడు కదా అని అతని నెత్తినే అంతా పెట్టడం, అది చాలదన్నట్టు పొగడటం. ఛీ, ఇంత రోత నేనెక్కడా చూడలేదు.

నాన్న చాప మీద చేతులు ఆనించి వంగాడు. "నావల్ల మీకందరికీ ఇబ్బంది వచ్చింది," అన్నాడు.

అప్పుడు కమిజో బాబాయ్ తన వెనకనుంచి ఒక సంచీ తీసి ముందుకి జరిపాడు. "నిన్ను రావద్దని ఎవరంటారన్నా. ఇవి కప్పుకుని వస్తే చాలు. అందరికీ అదే నియమం పెట్టుకుందాం." సంచీ నిండా పట్టీల పొట్లాలు. అంటే ముందే ఇళ్ళిళ్ళూ తిరిగి అంతా మాట్లాడుకుని, పట్నం వెళ్ళి కొని తెచ్చిపెట్టుకుని, ఆ తరవాత మమ్మల్ని టీకి పిలిచారన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం నాన్న చొక్కా విప్పి పొయ్యి దగ్గర బోర్లా పడుకున్నాడు. "కానీవే," అన్నాడు.

"నేను అంటించను."

"నా చెయ్యి అక్కడిదాకా పోదు మరి."

కూర్చున్నాను. ఒక్కొక్క పట్టీ కాగితం ఊడదీయడం, అంచు కలిపి అంటించడం, గాలి బుడగ రాకుండా బొటనవేలితో రుద్దడం. మెడ కిందనుంచి మొదలుపెడితే చేప తల పూర్తయ్యేసరికే ఓ పొట్లం అయిపోయింది. అవి తయారుచేసినవాడు చీలమండ మీద పువ్వో, భుజం మీద నక్షత్రమో ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేశాడు. మనిషంత చేపని కాదు. ముడతల్లో పట్టీ నిలవదు. ఒకటి అంటిస్తే ఇంకొకటి లేస్తుంది. నాన్న చర్మం పల్చబడిపోయింది, గట్టిగా నొక్కితే ఎక్కడ చిట్లుతుందోనని భయం. చేపకి ఒక కన్ను కప్పాను. రెండోది కప్పబోయి ఆగాను.

"కిటికీ చట్రాలకి కొత్త కాగితం అంటించడానికి గంటే పట్టేది మీ అమ్మకి. నీకింకా ఎంతసేపే," అన్నాడు.

"నవ్వు రావట్లేదు నాన్నా."

"నాకూ రావట్లేదనుకో. ఊరికే పడుకుని ఏం మాట్లాడను?"

అన్నీ అంటించాక అద్దం చూపించమన్నాడు. చూపించాను. కాలిన ఒంటికి కట్లు కట్టినట్టుంది. చేప కనబడటం లేదు నిజమే, కానీ ఆ వీపు చూస్తే ఇప్పుడు ఎవరైనా జడుసుకుంటారు. అంతకుముందు ఎవరూ జడుసుకోలేదు. నాన్న చాలాసేపు చూసుకుని, "బావుంది," అన్నాడు. ఆ అబద్ధం ఆయన నాకోసం ఆడాడు.

ఇద్దరం కలిసే వెళ్ళాం. నేను ఇటు దిగాను, ఆయన అటు. గోడ అవతల మామూలుగా ఉండే సందడి లేదు. ఎవరో వాతావరణం గురించి అన్నారు. ఎవరో అవును అన్నారు. బొక్కెనలు నేలకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా నీళ్ళు చాలా వేడి, కొత్తవాళ్ళయితే కాలు పెట్టి తీసేస్తారు. ఆ వేడికి ఏ జిగురు ఆగుతుంది?

రెండు వైపుల తొట్లకీ నీళ్ళు ఒకటే. చెక్క గోడ కింద, నీటి మట్టంలో, చేయి పట్టేంత సందు ఉంటుంది. ఆ సందులోంచి ఒక పట్టీ మా వైపుకి తేలుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. నాని ఉబ్బి, అంచులు ముడుచుకుపోయి, దేనికో ఊడిన చర్మంలా ఉన్నాయి. ఒకటి ఫుసే పిన్ని భుజానికి తగిలింది. ఆవిడ గబుక్కున లేచి, రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని కాలవలోకి విసిరింది. ఆ వేళ్ళని సబ్బు పెట్టి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

నేను ఆవిడ కళ్ళలోకి చూశాను. "అది మీరు కొనిచ్చిందే పిన్నీ," అన్నాను.

"నేనేమన్నానమ్మా," అంది ఆవిడ.

అవతల నాన్న నీళ్ళలో వంగి పట్టీలు ఏరుతున్నట్టుంది. "ఇదిగో ఇక్కడొకటి, క్షమించండి, మీ మోకాలి దగ్గర ఇంకొకటి," అంటున్నాడు. ఎవరూ పరవాలేదు అనలేదు. నాకు ఆ నీళ్ళు ఒంటికి తగులుతుంటే రోత పుట్టింది. పట్టీలకి కాదు.

ఆ తరవాత నాన్న వెళ్ళలేదు. ఎవరూ రమ్మని అడగలేదు. ఆయన అర్థం చేసుకున్నాడని అందరూ సంతోషించారు. వంటింటి వెనక, ముల్లంగి కడిగే ప్లాస్టిక్ తొట్టిలో స్నానం. పొయ్యి మీద నీళ్ళు కాచి పోసేదాన్ని. చలికి తలుపు సందులు మంచుతో మూసుకుపోయేవి, పోసిన నీళ్ళు పోసినట్టే చల్లారేవి. నాన్న మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాడు, నేను వీపు రుద్దేదాన్ని. జిగురు మరకలు పోవడానికే నెల పట్టింది.

ఫిబ్రవరిలో మా వంతు వచ్చింది. పక్కింటివాళ్ళు చెక్క తెచ్చి, ఏమీ జరగనట్టు, మా గుమ్మానికి తగిలించి పోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తోమడానికి నాన్న కావాలి, దిగడానికి మాత్రం అక్కర్లేదు. చెక్క తీసి పొయ్యిలో పెడతానన్నాను.

నాన్న రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు. "తొట్టి ఏం చేసిందే?" అన్నాడు.

వెళ్ళి తొట్టి ఖాళీ చేసి, రాళ్ళ సందుల్లో నాచు గీకి, నీళ్ళు వదిలి వచ్చాడు. తోమినవాళ్ళు మొదటి స్నానం చెయ్యడం మా ఆచారం, ఎవరూ ముట్టని నీళ్ళు వాళ్ళవి. నాన్న పొడి ఒంటితో ఇంటికొచ్చి, నీళ్ళు కాచమన్నాడు. నేను మాత్రం ఆ చలికాలమంతా స్నానాల ఇంటికి పోతూనే ఉన్నాను, పళ్ళు బిగబట్టుకుని. వాళ్ళ మొహాలు చూడాలనే పోయాను. ఒక్కరైనా ఆయన ఎలా ఉన్నాడని అడుగుతారేమోనని. చలి గురించి అడిగారు, నా గదులు నిండాయా అని అడిగారు.

ఏప్రిల్లో మంచు కరిగింది. స్కీ కొండ మూసేశారు, బయటివాళ్ళు వెళ్ళిపోయారు. ఓ సాయంత్రం కమిజో బాబాయ్ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన కొండ చిగుళ్ళు ఉన్నాయి, మంచు కిందనుంచి మొదట పొడుచుకొచ్చేవి.

"మీ నాన్నకి ఇష్టం కదా అని," అన్నాడు. ఇంకా నిలబడ్డాడు. "మేమంతా మాట్లాడుకున్నాం మిసావో. పలక తీసి కొట్టుగదిలో పెట్టాం. సీజన్ అయిపోయింది, ఇప్పుడు అంతా మనవాళ్ళమే. అన్నని రమ్మను. డిసెంబరు దాకా ఏ అడ్డూ లేదు."

ఎంత సంబరంగా చెప్పాడంటే, మాకు ఏదో కానుక తెచ్చాననే అనుకుంటున్నాడు. నాకు ఆ మొహం మీద చిగుళ్ళు విసిరికొట్టాలనిపించింది.

"బాబాయ్, మా నాన్న కొండ చిగురా, కాలం చూసి తెచ్చుకోడానికి? మంచు పడితే సిగ్గుచేటు, కరిగితే అన్నయ్యా? ఆ మాట చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?"

"అట్లా అనకమ్మా. ఆయన కోసం నేనెంత..."

"వస్తానురా యసూ," అన్నాడు నాన్న లోపలినుంచి. "తువ్వాలు తీసుకుని వస్తున్నా. పద."

నాన్న మీద కూడా రోత పుట్టింది, ఆ క్షణాన. ఇంత సులువా? వీళ్ళు వేలు ఆడిస్తే పోవడమేనా? ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కనుంచే వెళ్ళాడు. నేనూ నా తువ్వాలు తీసుకుని వెనకే వెళ్ళాను.

ఆ సాయంత్రం మగవాళ్ళ వైపు పెళ్ళి ఇల్లులా ఉంది. అన్నా రండి, తొకుజి గారూ ఇటు, ఇక్కడ కూర్చోండి, అబ్బా ఎన్నాళ్ళయింది. ఎవరో ఆ పాత సూది మాట ఎత్తి ఏడిపించారు, నాన్న కూడా నవ్వాడు. ఆడవాళ్ళ వైపు ఫుసే పిన్ని నాకేసి చూసి, చూశావా అన్నట్టు తల ఊపింది. నాన్న నీళ్ళలోకి దిగుతూ వదిలిన నిట్టూర్పు నాకు వినబడింది. చాలాసేపు కూర్చున్నాడు. తరవాత పైకి వచ్చి, "ఒరే యసూ, ఇటు తిరుగు," అన్నాడు. తువ్వాలుతో వీపు రుద్దుతున్న చప్పుడు. పైనుంచి కింద దాకా, తొందర లేకుండా. ఒక బొక్కెన నీళ్ళు పోశాడు.

"ఇక నువ్వు తిరుగన్నా," అన్నాడు కమిజో బాబాయ్.

"వద్దు. నా వీపు చలికాలం నుంచీ మా అమ్మాయి రుద్దుతోంది. బాగానే రుద్దుతుంది."

అందరూ నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు.

"యసూ, నేను ఇందులో మీ నాన్నతో దిగాను. నీతో దిగాను. మీవాణ్ణి పాకే వయసులో గుండెలకి ఆనించుకుని దిగాను. వేసవిలో దిగాను, డిసెంబరులో దిగాను. ఎప్పుడూ ఇదే వీపు. రుతువుకొక వీపు నా దగ్గర లేదురా." నాన్న గొంతు పెంచలేదు. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు. "అందరి ముందూ ఒకసారి దిగి వెళ్దామని వచ్చాను. ఇన్నాళ్ళూ బాగా చూసుకున్నారు. ఇక మా గుమ్మానికి వంతు చెక్క పంపకండి."

కొండలోంచి నీళ్ళు తొట్టిలో పడుతూనే ఉన్నాయి. కమిజో బాబాయ్ "అన్నా" అన్నాడు. దానికి జవాబుగా బట్టల గది తలుపు జరిగిన చప్పుడు వచ్చింది.

నేను లేచాను. ఫుసే పిన్ని నా మణికట్టు పట్టుకుంది. నిజంగానే ప్రేమగా పట్టుకుంది.

"నువ్వెందుకు లేస్తావమ్మా, కూర్చో. మీ నాన్న పంతం మీ నాన్నది. నీకేం, నీ ఒళ్ళు శుభ్రమేగా."

నేను ఆ చెయ్యి విడిపించుకున్నాను. ఒళ్ళు తుడుచుకోకుండానే బట్టలు తగిలించుకుని బయటికి వచ్చాను. నాన్న గుమ్మం ముందు చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు, తలనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తల తుడుచుకోలేదేమే, జలుబు చేస్తుంది," అన్నాడు.

"చెయ్యనీ," అన్నాను.